లేనియర్ మీద ఏ పడవ?

అట్లాంటాకు ఉత్తరాన కమింగ్‌లో ఉంటున్న అక్కావాళ్లింటికి లేక్ లేనియర్ బాగా దగ్గర. చట్టహూచీ నదికి అడ్డంగా 1950లలో బ్యూఫర్డ్ డ్యామ్ కట్టడంతో ఏర్పడిన జలాశయమిది. వంపులన్నీ కలిపి ఒడ్డు పొడవు దాదాపు 690 మైళ్లు. ఎండాకాలం శనివారం కావడంతో మేం వెళ్లేసరికి రేవులో రెండే అద్దె పడవలు మిగిలాయి. ఒకటి 18 అడుగుల బౌరైడర్, రెండోది 24 అడుగుల పాంటూన్. అమ్మానాన్నలు, పిల్లలతో కలిపి మేం ఏడుగురం.

బావగారికి బౌరైడర్ నచ్చింది. దాని కోసు అడుగు నీటిని చీల్చుకుంటూ పోతుంది, వేగం చిటికెలో అందుకుంటుంది, పిల్లల్ని ట్యూబు మీద లాగొచ్చు. పాంటూన్‌కి ఆ హుషారు లేదు. రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాల మీద బల్లపరుపు, చుట్టూ కటకటాలు, పైన గుడ్డ నీడ. నీళ్ల మీద తేలే వీధి అరుగులా ఉంది.

నాన్న రాజమండ్రిలో గోదావరి గట్టున పెరిగినవారు. ఇంజను సంగతి అడగనే లేదు, బౌరైడర్‌లో అతికించిన రేకు చూపించారు.

"ఎనిమిది మంది అని రాశారు. సామానుతోనా, లేకుండానా?"

"మనుషులకో లెక్క, సామానుతో కలిపిన బరువుకో లెక్క ఉంటుంది మామయ్యగారూ. ఏడుగురం హాయిగా పడతాం."

"పడతాం బాబూ. కానీ అంచు నీటికి దగ్గరైపోతుంది. ఇంత రద్దీలో మన అలే కాదు, పక్కవాళ్ల అల కూడా చూసుకోవాలి."

2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర అదే గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి యాభై మంది దాకా పోయారు. అప్పటినుంచి నాన్న ఏ బోటెక్కినా ముందు లైఫ్ జాకెట్లు లెక్కపెడతారు. జార్జియాలో కదిలే పడవ మీద 13 ఏళ్ల లోపు పిల్లలకే అవి తప్పనిసరి. నాన్న మా అందరిచేతా తొడిగించారు.

చివరికి తేల్చింది అమ్మ మోకాళ్లు. బౌరైడర్‌లోకి అంచు దాటి కిందికి దిగాలి. పాంటూన్‌కి తలుపుంది, రేవు మీంచి నేరుగా నడిచి ఎక్కొచ్చు. పాంటూనే తీసుకున్నాం.

పెద్దది గనక భయం లేదనుకుంటే మాత్రం పొరపాటే. ఇంజను ఆపే తాడు బావగారు చేతికి కట్టుకున్నారు. 26 అడుగుల లోపు పడవలకు 2021 నుంచి అమెరికాలో అది చట్టం. నడిమధ్యకు వెళ్లేసరికి ఓ పెద్ద క్రూయిజర్ మా ముందు నుంచి దూసుకుపోయింది. పిల్లలేమో ముందు కటకటాల దగ్గరున్నారు. బరువంతా ముందుంటే పాంటూన్ ముక్కు అలలో దిగబడుతుంది, ఒక్కసారిగా వేగం తగ్గించినా అంతే. "వెనక్కి రండర్రా!" అని అక్క కేకేసింది. బావగారు వేగాన్ని మెల్లగా దించుతూ అలకు ఏటవాలుగా తిప్పారు. కాస్త నీరు బల్ల మీదికొచ్చి జారిపోయింది. నాన్న తల ఊపారు.

అలలు లేని ఓ వంపులో ఇంజను ఆపి పులిహోర తిన్నాం. నీడలో అమ్మ కాళ్లు చాపుకుని పడుకుంది. బౌరైడర్‌లో ఆ చోటెక్కడిది? తిరుగు దారిలో గాలి ఆ గుడ్డ కప్పును పట్టి నెట్టేస్తుంటే, రేవులోకి చేర్చడానికి బావగారికి చెమటలు పట్టాయి.

1996 ఒలింపిక్స్ పడవ పందేలు జరిగిన క్లార్క్స్ బ్రిడ్జి గెయిన్స్‌విల్ వైపుంది. అక్కడికి పనిరోజు చూసుకుని ఇద్దరే వెళ్తారట మామా అల్లుళ్లు. దానికి మాత్రం ఆ 18 అడుగుల పడవే కావాలని నాన్న రేవులోనే అడిగేశారు.