లేహ్ నుండి వచ్చిన బొమ్మకార్డు

హైదరాబాదు పాతనగరమున మాదన్నపేట యను పేట కలదు. గోలకొండ కడపటి సుల్తాను తానీషాకు మంత్రియు, భద్రాచల రామదాసునకు మేనమామయునైన మాదన్నగారి పేరిట అది వెలసినదని చెప్పుదురు. కూరగాయల మండీ సందడితో తెల్లవారు ఆ పేటలోని మా యింటికి గడచిన మార్గశిరమాసమున నొక బొమ్మకార్డు వచ్చినది.

లేహ్‌లో సైన్యమునందున్న మా మరిది తన తల్లికి వ్రాసినది. ఒకవైపు నాలుగు పంక్తులు. రెండవవైపు రంగులతో చిత్రించిన పక్షి. వెనుక మంచుకొండలు, నీలి సరస్సు. ముందు బూడిదవన్నె బాతు. దాని తెల్లని తలపై రెండు నల్లని పట్టెలు. “అమ్మా, వేసవిలో త్సో మోరీరీ సరస్సున వీనిని చూచితిని. ఇప్పుడు మన వైపునకే దిగివచ్చినవి. వీలైన చూడుము” అని వ్రాసియుండెను.

మా అత్తగారు కొడుకును చూచి రెండు సంక్రాంతులు గడచినవి. ఆమె కార్డును మరల మరల చూచి, “అంత చలిలో బ్రతుకు పక్షి మన యెండలకెట్లు వచ్చునమ్మా?” అని నన్నడిగెను.

ఆంగ్లమున దీనిని బార్ హెడెడ్ గూస్ అందురు. మనము పట్టెతల బాతు అనవచ్చును. రెండు మూడు కిలోల బరువు మాత్రమే. ఆ సరస్సు సుమారు 4,500 మీటర్ల ఎత్తున నున్నది. లడఖ్, టిబెట్టు, మంగోలియా సరస్సుల యొడ్డున వేసవియందు గ్రుడ్లు పెట్టును. ఆడుపక్షి పొదుగును, మగది కావలి కాయును. నీరు గడ్డకట్టు కాలమునకు పిల్లలతో గూడ హిమాలయములు దాటి దక్షిణమునకు వచ్చును. ఈ ప్రయాణమున నవి 7,000 మీటర్ల ఎత్తు మించి యెగిరినట్లు శాస్త్రజ్ఞులు యంత్రములు కట్టి కనుగొనిరి. వీని రక్తము పలుచని గాలినుండియు ప్రాణవాయువును చక్కగా గ్రహించును. కొండ లేచినచోట లేచి, లోయ దిగినచోట దిగి పోవుటచే శ్రమ తగ్గించుకొనునని 2015లో ప్రకటించిరి.

చూడవలెనన్న ఎచ్చటికి పోవుదుము? మా పేటకు సమీపమున తాలాబ్‌కట్ట యున్నది. చెరువుకట్ట యని దాని యర్థము. నేడచ్చట పేరు మిగిలినది గాని చెరువు మిగులలేదు. కావున సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యమునకు బయలుదేరితిమి. మన నగరమునకు త్రాగునీరిచ్చు జలాశయమే యది.

పుష్యమాసపు ఉదయము, నీటిపై పొగమంచు. అది విడిపోగా నొడ్డున బాతుల గుంపు కనబడినది. రాత్రివేళ చేలలో గడ్డియు రాలిన గింజలును మేసి, పగలు నీటి చెంత విశ్రమించుట వీని యలవాటు. దగ్గరకు పోరాదని వెంట వచ్చినవారు హెచ్చరించిరి. బెదరి పలుమారు లేచినచో, తిరుగు ప్రయాణమునకు కూడబెట్టుకొను క్రొవ్వు వ్యర్థమగునట.

అత్తగారు కొంగుముడి విప్పి కార్డు తీసి, బొమ్మను పక్షులను మార్చి మార్చి చూచిరి. “రెండు పట్టెలును సరిగానే యున్నవి” అనిరి. కొంతసేపటికి, “అక్కడ పుట్టినవి ఇక్కడికి వచ్చినవి. ఇక్కడ పుట్టినవాడు అక్కడ నున్నాడు” అని కన్నులు తుడుచుకొనిరి. నాకు మాట తోచలేదు.

సోదరీమణులారా, ఫాల్గుణమాసమునకు ఈ యతిథులు మరలిపోవును. అంతలోపల పిల్లలను తోడుకొని పోయి దూరమునుండి చూపుడు. మీ యూర చెరువున్నచో, దానిలో చెత్త పడవేయనీయకుడు. పేరు మాత్రమే మిగిలిన చెరువున ఏ పక్షియు వ్రాలదు.

ఇంటికి వచ్చిన సాయంకాలమే అత్తగారు నాచేత జాబు వ్రాయించిరి: “నాయనా, నీవు పంపిన పక్షులు క్షేమముగా చేరినవి. మేము చూచితిమి. చలిలో జాగ్రత్తగా నుండుము. సెలవు దొరికిన వెంటనే రమ్ము.”