మేడవాక్కం ట్యాంక్ రోడ్డులో ఒక పూట

అంబత్తూరు నుంచి పాడి, విల్లివాక్కం మీదుగా అయనావరం మేడవాక్కం ట్యాంక్ రోడ్డులోని మానసిక వైద్యశాలకు చేరేసరికి ఓపీ దగ్గర జనం నిండిపోయారు. మా పక్కింటి పెద్దాయనది నెల్లూరు. అంబత్తూరు ఎస్టేట్‌లో లేత్ పని చేసి రిటైరయ్యారు. తమ్ముణ్ణి చూపించి మందులు తీసుకోవడానికి ఇక్కడికి వస్తుంటారు, ఈసారి తోడుగా నేనూ వచ్చాను.

"ఇక్కడ తొందరపడితే పని జరగదు నాయనా, కూర్చో," అన్నారాయన. తమ్ముడు చీటీ జేబులో పెట్టుకుని ఓ చెట్టు నీడ చూసుకున్నాడు.

మద్రాసులో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే కీల్పాక్ అని ఈ ఆసుపత్రి పేరెత్తుతారు, మనవాళ్లు ఎర్రగడ్డ, చినవాల్తేరు అన్నట్టే. సినిమాలు ఆ నవ్వును చాలాకాలం అమ్ముకున్నాయి. లోపల మాత్రం ఏ సర్కారు దవాఖానాలోనైనా కనిపించేవే ఉన్నాయి: కేసు కాగితాలు, మందుల కౌంటరు, నిద్ర చాలని తల్లులు.

ఈ సంస్థ మూలాలు 1794 నాటివి. కుంఫిణీ సర్జన్ వాలెంటైన్ కొనొలీ అప్పట్లో మద్రాసులో మతిచెడిన వాళ్ల కోసం ఒక ఇల్లు తెరిచాడు. ఇల్లు అతనిది, ఖర్చు కుంఫిణీది. దయతో పాటు వ్యాపారం కూడా అక్కడే మొదలైందన్నమాట. లోకాక్ తోటలోని ఇప్పటి ఆవరణకు ఆసుపత్రి 1871లో, 145 మంది రోగులతో వచ్చింది. 1922లో 'అసైలం' పోయి మెంటల్ హాస్పిటల్ అయింది, ఆ తర్వాత ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్. మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నానికీ కోళిక్కోడుకూ వేరే ఆసుపత్రులున్నా, నెల్లూరు, చిత్తూరు వాళ్లకు ఇదే దగ్గర. నిజాం రాజ్యంలో జాల్నా ఆసుపత్రి ఉండేది. హైదరాబాదుకు ఎర్రగడ్డ ఆసుపత్రి దాని తర్వాత వచ్చిందే.

1912 లునసీ చట్టం కింద చాలామంది మేజిస్ట్రేటు ఉత్తర్వుతో లోపలికి వచ్చేవారు. వచ్చే దారి కాగితం మీద స్పష్టంగా ఉండేది, పోయే దారే ఎవరికీ తెలియదు. 1961లో సూపరింటెండెంటుగా వచ్చిన డాక్టర్ శారదా మేనన్ ఆ దారి గురించే ఎక్కువ ఆలోచించారనిపిస్తుంది. ఈ ఆసుపత్రికి ఆ పదవిలో తొలి మహిళ ఆవిడే. రోగుల చేతికి పని ఇవ్వడానికి ఇండస్ట్రియల్ థెరపీ సెంటర్ పెట్టించారు. రొట్టెలు కాల్చడం, బట్ట నేయడం వంటివి వైద్యంలో భాగమయ్యాయి. రోజంతా మంచం మీద కూర్చున్న మనిషికి మందు మాత్రమే ఇస్తే సగం వైద్యమే. రిటైరయ్యాక, 1984లో, స్కిజోఫ్రెనియా రోగుల కోసం 'స్కార్ఫ్' స్థాపించారు. అది అణ్ణానగర్ వెస్ట్ ఎక్స్‌టెన్షన్‌లో, మా అంబత్తూరు వైపే ఉంది. 2021లో, 98 ఏళ్ల వయసులో పోయారు.

పెద్దాయన మొదట తమ్ముణ్ణి ఇక్కడికి తీసుకురాలేదట. "గుళ్లు, దర్గాలు అన్నీ అయినాయి. తాయెత్తులకే ఓ సైకిలు డబ్బులు పోయుంటాయి," అన్నారు. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఆశ్రయంలో అగ్నిప్రమాదం జరిగింది. గొలుసులతో కట్టేసిన 28 మంది కాలిపోయారు. ఆ వార్త విన్నాక ఆయనకు మొక్కుల మీద మనసు విరిగిందట.

మందులు తీసుకుని బయటికి వస్తూ వార్డుల వైపు చూశాను. జబ్బు తగ్గినా తీసుకెళ్లేవాళ్లు లేక అక్కడ ఏళ్లుగా ఉండిపోయినవాళ్లున్నారు. తెలుగు, హిందీ మాట్లాడేవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. ఊరు చెప్పలేని మనిషిది ఏ జిల్లానో యాసే పట్టిస్తుంది, ఇంటి జాడ వెతికేవాళ్లకు అదో ఆధారం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 19వ సెక్షన్ ప్రకారం కుటుంబం లేదన్న కారణంతో, లేదా కుటుంబం వద్దందన్న కారణంతో ఎవరినీ ఆసుపత్రిలో ఉంచకూడదు. రాసుకోవడం తేలికే. కానీ అన్న ఇంట్లో వదిన ఒప్పుకోవాలి, వీధి ఒప్పుకోవాలి.

ఇలాంటివాళ్లకు ఇల్లు చూపించే పనిని మరో చివర నుంచి అందుకున్నది అంబత్తూరును ఆనుకున్న మొగప్పేర్‌లోని 'ది బన్యన్'. వందనా గోపీకుమార్, వైష్ణవీ జయకుమార్ 1993లో మానసిక వ్యాధితో వీధిపాలైన మహిళల కోసం దాన్ని మొదలుపెట్టారు. తిరిగి వెళ్లడానికి ఇల్లు లేనివాళ్ల కోసం 2015 నుంచి 'హోమ్ అగైన్' పేరుతో మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుంటున్నారు. ఇంటికి నలుగురైదుగురు, సాయానికి ఒకరు.

బస్సులో పెద్దాయనకు ఇది చెప్పాను. "అద్దెకు ఇస్తున్నారా జనం?" అని అడిగారు. ఇస్తున్నారన్నాను. తమ్ముడు అప్పటికే పాడి స్టాప్‌లో దిగి టీ తాగుదామంటున్నాడు.