ఎండయు నీడయు

ఇల్లు కట్టుట యొక విద్య యని యంగీకరించువారు మనలో కొందరే గలరు. సొమ్ము పెట్టువాడు గృహస్థుడు, ముహూర్తము పెట్టువాడు సిద్ధాంతి, గోడ పెట్టువాడు మేస్త్రీ. నడుమ వేరొకరికి పని యేమున్నదని మా యూరి పెద్దమనుష్యులు తరచుగా నడుగుచుందురు. వైద్యవిద్య యనిన వారికి తెలియును. ఇంజనీరింగనిన మరింత బాగుగా తెలియును. ఆర్కిటెక్చరు అనిన మాత్రము "బొమ్మలు గీచుటయే కదా" యని నవ్వుదురు. ఆ బొమ్మలు గీచునది యాడుపిల్ల యైనచో, బొమ్మలకై యైదేండ్లేల, ఆ సొమ్ముతో పెండ్లి చేయరాదా యని మరియొక ప్రశ్న పుట్టును. మా పాఠశాలలో చదివి, యీ విద్యకై హైదరాబాదునకు పోయిన యొక రైతుబిడ్డ యైదేండ్లలో గీచిన చిత్రములను మేము సెలవులలో వరుసగా చూచుచు వచ్చితిమి. అవి వట్టి బొమ్మలగునో కావో చదువరులే నిర్ణయింతురు గాక.

మేము సంస్కృతము చదివినవారము గనుక 'వాస్తు' శబ్దమును గూర్చి యొక్క మాట చెప్పక విడువజాలము. నివసించుట యను నర్థముగల 'వస' ధాతువునుండి యది పుట్టినది. మన గృహస్థుల కా శబ్దము చెవినబడినంతనే యీశాన్యమూలయు వీథిపోటును జ్ఞప్తికి వచ్చును; ఆ యింట నివసించువారు జ్ఞప్తికి రారు. మానసారాది శిల్పగ్రంథములు కట్టడపు పనికి నలుగురను పేర్కొనుచున్నవి: సంకల్పించు స్థపతి, త్రాడు పట్టి కొలుచు సూత్రగ్రాహి, చెక్కు తక్షకుడు, కూర్చు వర్ధకి. వీరిలో స్థపతి పెద్ద. అయినను మాకు సూత్రగ్రాహియందే గౌరవ మెక్కువ. కారణము ముందు తెలియగలదు.

మొదటియేట నా బాలిక తెచ్చినవి యట్టతో చేసిన ఘనములు, కాగితపు మడతలు, ఒక యాకును నూరు విధముల గీచిన పుటలు. తండ్రి వానిని చూచి, "ఫీజు గీటికేనా బిడ్డా?" యని యడిగెను. ఆ ప్రశ్న యన్యాయమైనది కాదు. వానిలో మా దృష్టి నాకర్షించినది యొక్కటే. ఆర్మూరు మీద నిలిచిన సిద్ధులగుట్ట నల్లబండలను చదువరులలో పలువురు చూచియుందురు. ఒకదానిపై నొకటి యెవరో పేర్చి మరచిపోయినట్లుండును. ఆ చిత్రములో బండలు లేవు. బండల నడుమనున్న సందులు మాత్రమే నల్లగా దిద్దబడి యుండెను. ఇదేమని యడుగగా "గాలి గిట్లనే వస్తది సారూ" యనెను.

రెండవయేట నొక పాత యింటిని కొలిచి గీచుకొని రమ్మని కళాశాలవా రాజ్ఞాపించిరి. తోడి పిల్లలు కోటలకు, గుళ్ళకు పోయిరి. మన ప్రాంతమున వాని కేమి కొదవ? డిచ్‌పల్లి రామాలయ మున్నది; 2022లో యునెస్కోవారి యాసియా పసిఫిక్ పురస్కారము నందుకొన్న దోమకొండ కోట యున్నది. ఈమె తన పల్లెయందలి సొంత యింటినే కొలిచెను. అది యామె తాతగారు కట్టించిన భవంతి. నడుమ నాకాశము కనబడు వాకిలి, చుట్టును దూలములపై గూన పెంకులు, వీథివైపున నరుగులు. దానిని పడగొట్టి స్లాబు వేయవలెనని తండ్రి యప్పటికే నిశ్చయించుకొని యుండెను. పినతండ్రి కొడుకు టేపు రెండవకొన పట్టుకొనగా నామె తొమ్మిది దినములు కొలిచెను. వీథి యరుగు రెండెత్తులుగా నుండెను. ఒకటి కూర్చుండుటకు, రెండవది నెత్తిమీది బరువును పరుల సాయము లేక దించుకొనుటకు. నలుబదియేండ్లుగా నా యరుగుమీద కూర్చున్న తండ్రికి సైతము ఆ సంగతి కాగితముమీద చూచినప్పుడే తట్టెను.

పాత యిండ్లనగా చేతులు జోడించువా రిప్పుడు బయలుదేరినారు. వారికొక విషయము చెప్పవలసియున్నది. ఆ భవంతిలో మగవారు కూర్చుండు ముందరి యఱ్ఱకు నాలుగు కిటికీలు. వంటయింటికి జానెడు గవాక్ష మొక్కటి. ఆ బాలిక వంటయింటి గోడను గీచినప్పుడు పొగచూరిన మేరనంతయు చుక్కలతో దిద్ది, ఆ మసి గవాక్షమునుండి యెన్ని యడుగులవరకు వ్యాపించెనో కొలిచి వ్రాసెను. కోటలను గీచిన పిల్లల పటములు మేము చూడలేదు. అవి మిక్కిలి సుందరములై యుండవచ్చును. మాకీ మసిచుక్కలే చాలును.

ఈ పట మొకటి యామె చదువును నిలిపినదని చెప్పిన నతిశయోక్తి కాదు. మూడవయేట పసుపు ధర పడిపోయెను. పసుపు తొమ్మిదినెలల పంట. తొలకరిలో విత్తిన దుంప సంక్రాంతి దాటినపిదప త్రవ్వకమునకు వచ్చును. త్రవ్వి, విరచి, ఉడికించి, ఆరబోసి, పాలిష్ పట్టి నిజామాబాదు గంజునకో, ధర యాశ పెట్టినచో సాంగ్లీకో తోలవలెను. పచ్చి పసుపు ఎండునప్పటికి బరువులో నైదవవంతు మిగులుట సామాన్యము. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 గురు పోటీ చేయగా దేశమంతయు నబ్బురపడెను. వారిలో నెక్కువమంది గిట్టుబాటు ధరయు పసుపు బోర్డును కోరిన రైతులే. ఆ బోర్డు 2025లో నిజామాబాదునకు వచ్చినది. కాని మేము చెప్పుచున్న యేట నా రైతునకు కైకిలి పైకము సైతము గిట్టలేదు. "ఇంక రెండేండ్లు నాతోని గాదు సారూ. ఇంజనీరింగైతె నాలుగేండ్లకే అయిపోవు. అక్క చదివిచ్చినకాడికి చాలంటున్నది" యని మాతో చెప్పెను.

మేము తెలిసినంత చెప్పితిమి. 1972 నాటి శాసనము ప్రకార మీ విద్యకు దేశమున ప్రత్యేకమైన మండలి గలదనియు, హైదరాబాదులో 2008లో శిల్ప లలితకళలకే యొక విశ్వవిద్యాలయము వెలసినదనియు, పట్టా పొందిన పిల్ల యొకరిమీద నాధారపడదనియు వాదించితిమి. ఆయన మర్యాదగా వినెను, మనసు మార్చుకొనలేదు. అప్పుడు లోపలినుండి ముసలి తల్లి వచ్చి, గోడకు తగిలించిన యా కొలతపటమును చూపి, "నలభై ఏండ్లు గా పొగలనే వండిన. ఎవ్వలకు కానరాలే. పోరి గీసి చూపిచ్చింది. సదువనియ్యి కొడుకా" యనెను. ఆయన తల వంచుకొనెను. ఎద్దుల నమ్మి ఫీజు కట్టెను. ఇల్లు పడగొట్టుట యప్పటికి వాయిదా పడెను గాని వంటయింటికి మాత్రము తూర్పుగోడన రెండు కిటికీలు తెరవబడెను.

నాలుగవయేటి సంగతులు చెప్పదగినవి యంతగా లేవు. ఒక వసతిగృహము, ఒక బస్సుస్టాండు గీచెను. ఒక కార్యాలయములో ఆరుమాసములు పని నేర్చెను. కంప్యూటరుమీద గోడలు లేపి త్రిప్పి చూపు నేర్పు సంపాదించెను. ఈ నేర్పు వలన మేలుతోపాటు చిక్కును గలదని తరువాత తేలినది.

కడపటియేట విద్యార్థి తానే విషయము నెంచుకొని గీయవలెను. దానిని థీసిస్ అందురు. పసుపు కల్లమును, దానినంటిన చిన్న యంగడిని గీచెదనని యామె చెప్పగా మేము సంతసించితిమి. మూడుమాసముల పిమ్మట రంగులలో నచ్చొత్తించిన పటము తెచ్చెను. కల్లమంతటిని కప్పు తెల్లని పైకప్పు. పసుపు కొమ్ము ఆకారము. కొమ్మునకున్న కణుపులవలె దానికిని కణుపులు. ఊరిలో చూచినవారందరు "అబ్బ, అమెరికలెక్కున్నది" యనిరి. మేమేమియు ననలేదు. దీనిని కల్లముకాడి స్త్రీలకు చూపితివా యని మాత్ర మడిగితిమి.

చూపెను. అది ఫాల్గుణమాసము, కల్లముకాడ పదిమంది స్త్రీలు కూర్చుండి యుడికిన దుంపలనుండి కాడిని, గోళను వేరుచేయుచుండిరి. వారిలో వృద్ధురాలొకతె పటమును దగ్గరగా చూచి, "పసుపుకు నీడేంది బిడ్డా?" యనెను. తక్కినవారు నవ్విరి. రైతుబిడ్డ కది తెలియనిది కాదు. ఉడికిన పసుపు పది పదునైదు దినములు మంచి యెండలో ఎండవలెను. రెండు మూడంగుళముల మందమున పరువవలెను, పలుచనైన రంగు చెడును. రాత్రులందు కుప్పజేసి కప్పవలెను. చిన్ననాటినుండి చూచిన సంగతియే కంప్యూటరు తెరముందు మరుగుపడినది. నవ్వు చల్లారిన పిదప వేరొక స్త్రీ యడిగిన ప్రశ్నకు మాత్ర మెవరును నవ్వలేదు: "గీ బొమ్మల మేమేడున్నం బిడ్డా?"

మన తెలుగుదేశమున గొప్ప కట్టడములకై పెద్దలు చేసిన యాత్రల కథలు వినియున్నాము. ఉస్మానియా కళాశాల భవనము కట్టుటకు ముందు జైన్ యార్ జంగు, సయ్యదలీ రజాలను ప్రపంచమందలి విశ్వవిద్యాలయములను చూచిరండని పంపిరి. వారు యూరపు, అమెరికా, జపానులు తిరిగి, ఈజిప్టులో పనిచేసిన జాస్పరు అను బెల్జియము శిల్పి సాయము నందిరి. 1934లో పునాది వేయబడి 1939లో తెరవబడిన యా గ్రానైటు సౌధము నేటికిని చూపరులను నిలువబెట్టును. ఆ యీజిప్టులోనే హసన్ ఫతీ యను మహాశిల్పి 1945 మొదలు నైలునది యొడ్డున బీదలకై మట్టియిటుకలతో నొక యూరు కట్ట నారంభించెను, లోకమంతయు మెచ్చెను, ఎవరికై కట్టెనో యా గ్రామస్థులు పెక్కురు పాత యిండ్లు విడిచి రానొల్లరైరి. మేమీ కథ చెప్పగా నామె చాలసేపు మాటలాడలేదు. మరునాడు పటమును చుట్టి యటకమీద పెట్టి, టేపును, నోటుపుస్తకమును తీసికొని కల్లమునకు పోయెను. ప్రపంచయాత్ర కంటె నది మిక్కిలి చిన్న ప్రయాణము; ఇంటినుండి నాలుగు ఫర్లాంగులు.

ఆ పుస్తకము మావద్ద కొన్నాళ్ళుండెను. ఏ గంటకు నీడ యెచ్చటనున్నదో, స్త్రీలు నీడ ననుసరించి యెన్నిమారులు జరిగి కూర్చుందురో, పసిబిడ్డ యుయ్యాల యే చెట్టుకు కట్టుదురో, అన్నియు కొలతలతో నున్నవి. ఒక పుటలో నీ వాక్యము మాత్రమే యున్నది: వీరు మధ్యాహ్నమువరకు నీరు త్రాగరు. ఏలయని మేమడుగగా, మరుగుదొడ్డి లేదనియు, తోట చాటున కేగుటకు సిగ్గుపడి దాహము నడచుకొందురనియు చెప్పెను. మా జిల్లాలో వేసవి యెండ 45 డిగ్రీలు దాటు దినములు గలవు. మన ముత్తైదువల నొసట, పసిబిడ్డల మేన, దేవుని పీటమీద నలరారు పసుపు ఈ దాహముగొన్న చేతులమీదుగా వచ్చుచున్నదని చదివెడి సోదరీమణులు గ్రహింపవలెను. అంతకంటె మేము చెప్పనేల?

రెండవ పటము మొదటిదానివలె మెరయదు. కల్లమంతయు బయలు, నేల కొంచెము వాలు. దాని యుత్తరపుటంచున సన్నని సాయబాను. పసుపు ఎండు మాసములలో మధ్యాహ్న సూర్యుడు దక్షిణమున నుండును గనుక సాయబాను నీడ పసుపుమీద పడక వెనుకకే పోవును. స్త్రీలు దానిక్రింద కూర్చుండి యెండలోని పసుపునకు చేయి చాపి పనిచేయుదురు. సాయబాను వెనుకగోడలో రాతికిని రాతికిని సందులు. సిద్ధులగుట్ట గాలి నిచ్చట మేము గుర్తుపట్టితిమి. గోడప్రక్క రెండెత్తుల యరుగు. ఒక మూల మరుగుదొడ్డి. దాని ద్వారము కల్లమువైపు గాక తోటవైపున. రాత్రికిని వానకును పసుపు కుప్పను కప్పుటకు గేటుచక్రములమీద నడచు టార్పాలిను కప్పు. పరీక్షకులు దానికి మంచి మార్కు లిచ్చిరి. లోహపు కొమ్మునకు మరికొన్ని యెక్కువ వచ్చియుండునని యొక మిత్రురాలు చెప్పెనట.

తండ్రి కల్లములో నొక్క యంకణము కట్టబడినది. మరుగుదొడ్డి మొదట, సాయబాను పిదప, నడచు కప్పు కడపట. గొట్టములు పాతయినుము దుకాణమునుండి వచ్చినవి. ఈ యేటి మార్చిలో నకాలవర్షము కురిసిన రాత్రి యిద్దరు స్త్రీలు కప్పును లాగి కుప్పమీదికి తెచ్చిరి. తెల్లవారి మేము పోయి చూడగా కుప్ప పొడిగనే యున్నది గాని, జల్లు పడమటినుండి ఏటవాలుగా కొట్టుటచేత నా ప్రక్క పసుపు కొంతమేర తడిసి నల్లబడినది. తండ్రి ముఖము చిన్నబోయి యుండెను. అమ్మవలసిన పసుపు కదా. ఆ బాలిక తడిమేరకు సుద్దతో గీత గీచి టేపు పరచెను. రెండవకొన పట్టుకొనుటకు పినతండ్రి కొడుకు లేడు. "బాపూ, గీ కొస పట్టు" అనెను. ఆయన గొంతుక్కూర్చుండి పట్టుకొనెను. అడుగున్నర తేలినది. పడమటివైపు టార్పాలినును రెండడుగులు దింపినచో చాలునని యామె లెక్కవేయుచుండగా, పరిగ యేరుచున్న వృద్ధురాలు తలయెత్తి, "రెండు గాదు బిడ్డా, మూడు దింపు. జేష్ఠల గాలి నువ్వు చూడలె" యనెను. పుస్తకములో మూడని వ్రాసికొనెను.