123, లెగ్జింగ్టన్ అవెన్యూ

న్యూయార్క్‌లో ఉన్నన్నాళ్లూ నెలకోసారి కలుస్త్యాన్స్ అనే పప్పుల కొట్టుకి వెళ్లేవాణ్ని. కందిపప్పు, ఇంగువ, గింజ తీసిన చింతపండు... సంచీ నిండగానే బయటపడేవాణ్ని. ఆ కొట్టున్న ఇంటికి ఒక కంచు ఫలకం ఉందని ఏళ్ల తరబడి గమనించనే లేదు. ఒక వానపూట గొడుగు ముడుస్తుంటే కంటబడింది. చెస్టర్ ఆర్థర్ అమెరికా అధ్యక్షుడిగా ప్రమాణం చేసింది అక్కడేనట.

తర్వాత పట్టుబట్టి చదివాను. 1881 జులై 2న అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ని కాల్చినవాడు, ఇక ఉపాధ్యక్షుడు ఆర్థరే అధ్యక్షుడని అరిచాడు. రెండున్నర నెలలు మంచంలో తీసుకుని తీసుకుని గార్‌ఫీల్డ్ సెప్టెంబర్ 19 రాత్రి పోయాడు. తెల్లవారుజామున రెండు దాటాక జడ్జి జాన్ బ్రేడీని పిలిపించి ఆర్థర్ చేత ఈ ఇంట్లోనే ప్రమాణం చేయించారు. ఆర్థర్ భార్య నెల్ పోయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. పార్టీవాళ్లకు ఉద్యోగాలు పంచే రాజకీయంలో ఎదిగిన ఆ మనిషే 1883లో, పరీక్షలు పెట్టి ఉద్యోగాలివ్వాలనే పెండిల్టన్ చట్టంపై సంతకం చేశాడు. అంతకు ముందు ఏడాది చైనా కూలీలను దేశంలోకి రానివ్వని చట్టానికీ ఆయనదే సంతకం. ఇది చదివాక ఆ కొట్లో మిరపకాయల బస్తాల మధ్య నిలబడి, చుట్టూ ఉన్న మా ఆసియా ముఖాలను చాలాసేపు చూశాను. పదవి దిగాక ఇంటికి తిరిగొచ్చి, 1886 నవంబర్‌లో ఇక్కడే కన్నుమూశాడు ఆర్థర్.

అధ్యక్షుడి ఇంట్లో పప్పుల కొట్టా అని మొదట నిజంగానే మనసు కష్టపడింది. ఆ బాధ నాకు పాతదే. తెనాలిలో తాతయ్య కట్టిన ఇల్లు నాన్న అమ్మేస్తే, కొన్నాయన వీధివైపు గోడ తీయించి ఎరువుల కొట్టు పెట్టాడు. "తాళం వేసి ఉంచితే చెదలు తినేస్తాయిరా, మనుషులు మసిలితేనే ఇల్లు నిలబడేది" అన్నాడు నాన్న. అమ్ముకోవడానికి చెప్పే సాకు అనుకున్నాను. ఆ తర్వాత ఎన్నిసార్లు ఊరెళ్లినా ఆ వీధిలోకి పోలేదు.

న్యూయార్క్ నగరంలో ప్రమాణం చేసిన అధ్యక్షులు ఇద్దరే. మొదటివాడు వాషింగ్టన్. ఆయన ప్రమాణం చేసిన ఫెడరల్ హాల్‌ని 1812లో పడగొట్టేశారు. అంత పేరున్న మనిషిది పోయింది, ఎవరికీ గుర్తులేని ఆర్థర్ ఇల్లు మిగిలింది. 1965లో దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. అయినా మ్యూజియం చేయలేదు. పైన జనం కాపురాలుంటున్నారు, కింద జాడీలు నిండుతున్నాయి, ఖాళీ అవుతున్నాయి. రోజూ ఎవరో ఒకరు దీపం వేస్తున్నారు, తలుపు తీస్తున్నారు. నాన్న మాట నాకప్పుడు వినబడింది.

మొన్న సంక్రాంతికి ఆ ఎరువుల కొట్టుకి వెళ్లాను. ఎవరి మనవణ్నో చెప్పగానే ఆయన లేచి, "రండి బాబూ, లోపలికి రండి" అంటూ యూరియా బస్తాలు రెండు పక్కకు జరిపించాడు. వెనక తాతయ్య గోడ అలమార అలాగే ఉంది. మూడో అర కొంచెం వంగింది, దానిమీద బిల్లు పుస్తకాలు. లోపలి గడపకు పొద్దున రాసిన పసుపు ఇంకా ఆరలేదు. చెప్పులు బయటే విడిచి, ఆ గడప దాటాను.