మొదటి వాద్యము

బిడ్డకు సంగీతవాద్యము కొనదలచిన తల్లులకు ఉపకరించునేమో యని నా యనుభవ మొక్కటి యిచట వ్రాయుచున్నాను.

గడచిన వేసవిలో, పదియేండ్ల మా అమ్మాయి గిటారు నేర్చుకొందునని పట్టుపట్టినది. మా అత్తగారు "ఇంట వీణ యుండగా పరదేశపు వాద్యమేల?" అనిరి. వీణ మాట వినగానే నా మనస్సు చివుక్కుమనెను.

నా పదునొకండవయేట మా నాయనగారు ఆ వీణను కొని తెచ్చిరి. యాళిముఖమును, నగిషీపనిని చూచి కొనిరే గాని, మీటి చూచినవారు లేరు. రెండేండ్లు సాధన చేసితిని. తీగ నొక్కినప్పుడెల్ల వ్రేళ్లు కోసికొనిపోయెడివి. స్వరము మాత్రము కుదిరెడిది కాదు. "దీనికి చదువబ్బినది గాని సంగీత మబ్బలేదు" అని యందఱును నిశ్చయించిరి. నేనును నమ్మితిని. కావ్యములు చేతబట్టి, వీణను మూలకు జేర్చితిని.

నిరుడు పొరుగింటివారి వీణకు మేళము కట్టుటకు వచ్చిన పనివారికి దానిని చూపితిని. ఆయన దండివెంబడి ఒంటికంట చూచి, "అమ్మా! పచ్చికొయ్యతో చేసినారు, ఆఱినకొలది దండి వంగినది. తీగలు మెట్లకు మిక్కిలి యెత్తున నున్నవి. దీనిపై పెద్దలకే కష్టము, పసివ్రేళ్లేమి చేయగలవు?" అనెను. ఇరువదియేండ్లకు పైగా నాయందున్నదనుకొన్న లోపము ఆ కొయ్యయందున్నదని తెలిసిన నాటి రాత్రి నాకు నిద్రపట్టలేదు.

కావున అత్తగారితో మెల్లగా నిట్లంటిని: "ఫిడేలును పరదేశమునుండి వచ్చినదే గదా! బాలుస్వామి దీక్షితులవంటివారు దానిని మన సంగీతమునకు తెచ్చిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి సొత్తైనది. పాలకొల్లున 1969లో పుట్టిన శ్రీనివాసుగారు మాండొలినును మనదానిగా చేసిరి. వాద్యము పుట్టినయూరు గాక, వాయించు చేయి ముఖ్యము." ఆమె నవ్వి యూరకుండిరి.

మావారు బడిపంతులు. వారు "ముందు చౌకదానిని కొందము. నేర్చినచో పిదప మంచిది కొనవచ్చును" అనిరి. లోకమున నందఱు నను మాటయే యిది. వినుటకు న్యాయముగనే యుండును. కాని చౌకదనము వేఱు, చెడ్డదనము వేఱు. చెడ్డ వాద్యముపై బిడ్డ నేర్వజాలదు. నేర్వలేదని మనము మంచిది కొనము. తప్పు బిడ్డపై పడును. ఇట్లని నా వీణకథ వారికి తొలిసారి చెప్పితిని. వారు మాటాడక, నేను గాజులకై దాచుకొన్న సొమ్మునకు తమ యొద్దనున్నదియు కలిపి యిచ్చిరి.

అంగడికి పోవుటకు ముందు, సంగీతము చెప్పు ఉపాధ్యాయిని నడిగి కొన్ని సంగతులు వ్రాసికొంటిని. గిటారులు ముఖ్యముగా రెండు తెఱగులు: నైలాను తీగలవి, ఉక్కుతీగలవి. నైలాను మెత్తన, పసివ్రేళ్లకు మేలు. దానికి ఉక్కుతీగలు బిగింపరాదు; ఆ లాగుడునకు గుర్రము ఊడును, దండి వంగును. పెద్దవారి గిటారున మ్రోగు తీగ పొడవు ఇంచుమించు 65 సెంటీమీటర్లు; పదియేండ్ల బిడ్డకు ముప్పాతిక కొలతది చాలును. గిటారునకు ప్రాణము పైపలక. స్పెయినుదేశపు ఆంటోనియో డి టోరెస్ అను శిల్పి యీ సంగతి నిరూపించుటకై 1862లో ప్రక్కలను, వెనుకభాగమును అట్టతోనే చేసెను. పైపలక మాత్రము మంచి కొయ్య. ఒంటిపలకది నాదమునకు మిన్న. పొరలు అంటించినది వెలకు తక్కువ, తేమకు ఓర్చును. తొలిపాఠములకు అదియును చాలును.

అంగడిలో నీలివర్ణపు గిటారొకటి తళతళలాడుచుండెను. అమ్మాయి చూపు దానిపైనే నిలిచినది. చేతికి తీసికొని మొదట దండివెంబడి ఒంటికంట చూచితిని. పన్నెండవ మెట్టుకడ తీగకును మెట్టునకును నడుమ నైలాను గిటారున మూడు నాలుగు మిల్లీమీటర్లుండవలెను, దీనికి ఆఱున్నది. పన్నెండవ మెట్టు తీగకు సరిగా నడిమిభాగము. విడితీగ షడ్జమైనచో అచట తారషడ్జము పలుకవలెను. నీలిగిటారున అది హెచ్చుగా పలికినది. ఇంతగా నొక్కవలసియుండగా తీగ సాగి శ్రుతి తప్పక యేమగును?

మూల నున్న మఱియొకటి సాదా కొయ్యరంగుది, చిన్నది. ప్రతి తీగను ప్రతి మెట్టుపై నొక్కి మీటించితిని; జీరలేదు. బిరడలు మెత్తగా తిరిగినవి. అమ్మాయి ఒడిలో పెట్టుకొనగా మోచేయి చక్కగా ఆనినది. ఆఱువేల రూపాయలకు దానినే కొంటిమి.

బస్సులో అమ్మాయి నాతో మాటాడలేదు. నీలిగిటారును గూర్చి కన్నీరు పెట్టుకొన్నది. నాకును జాలి కలిగినది. నా పసితనమున ఆ యాళిముఖమును చూచి నేనెంత మురిసితినో జ్ఞప్తికి వచ్చినది.

ఇప్పుడు నాలుగు నెలలైనది. వ్రేళ్ల కొనలు కొంచెము గట్టిపడినవి గాని కోసికొనిపోలేదు. మొన్న నొక స్వరము తప్పి, మరల సవరించుకొని, తనలో తాను నవ్వుకొన్నది. తప్పు తనదైనప్పుడు దిద్దుకొనవచ్చునని దానికి తెలిసినది. ఆ తెలివి నాకు దొరకలేదు.

వీణల పనివారికి కబురంపితిని. దండి సరిచేయుటకు సాధ్యమో కాదో చూచి చెప్పెదననిరి. గాజులు ఇంకొక యేడాది ఆగవలసినదే.