నాలుగు చక్రముల బండి

కొండదారులందును ఇసుకనేలలందును పరుగెత్తు ఏ.టి.వి. యను నాలుగు చక్రముల బండి యొకటి మా అన్నగారి తోటలో గలదు. సెలవులలో దాని సంరక్షణము నాది. ఇంజను మొరాయించినపుడు నేను ముందుగా మూడింటిని విచారింతును: పెట్రోలు వచ్చుచున్నదా? ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చుచున్నదా? గాలి లోనికి పోవుచున్నదా? ప్లగ్గు మసిపట్టి నల్లనైనచో, తరచుగా దోషము దుమ్ముతో పూడిన ఎయిర్ ఫిల్టరునందే యుండును. స్పాంజి ఫిల్టరును సబ్బునీట కడిగి, బాగుగా నారబెట్టి, తగిన నూనె పట్టించి బిగింపవలెను, పెట్రోలుతో కడుగరాదు.

ఇట్టి బండ్ల టైర్లలో గాలి సాధారణముగా చదరపు అంగుళమునకు 5 పౌండ్ల ప్రాంతముననే యుండును. కావున ఒక ప్రక్క ఒక్క పౌను తగ్గినను బండి ఆ ప్రక్కకు లాగును. ఏటవాలు నేలపై నది ప్రాణాపాయము. టైర్లు చల్లగా నున్నపుడే గేజితో కొలిచి, పిమ్మట బ్రేకులను పరీక్షించి బయలుదేరవలెను.

అన్నగారి కుమారునకు 14 ఏండ్లు. తోలెదనని నన్ను బ్రతిమాలును. పెద్దల కొరకు చేసిన బండి 16 ఏండ్లు నిండనివారికి తగదు. కావున వానికి తాళపుచెవి నీయక, గేజి నిచ్చితిని. ఇప్పుడు గాలి తగ్గిన టైరును నాకంటె ముందు వాడే కనిపెట్టుచున్నాడు. విద్యార్థులారా! నిలిచియున్న బండిలో లోపము కనుగొన నేర్చుటయే తోలుటకు మొదటి పాఠము.