సెప్టెంబరు ఉందిగా

పదో తరగతి ఫలితాలు పేపర్లో పడే కాలం అది. ముందు ఫస్టుక్లాసు నంబర్లు, తర్వాత సెకండు, ఆ తర్వాత థర్డు. రేపల్లె బస్టాండులో పేపరు కట్ట విప్పేలోపే జనం మూగేవారు. సన్నటి అంకెల మీద పైనుంచి కిందికి వేలు జరుపుతూ వెతికేవాళ్లం. నంబరు దొరకనివాడు అచ్చుతప్పేమోనని ఇంకో పేపరు కొని మళ్లీ మొదటినుంచీ చూసేవాడు. ఇల్లు చేరేలోపు వీధిలో ప్రతివాళ్లూ అడిగేవారు: "నంబరు పడిందా?"

ఆ రోజు చాలా ఇళ్లలో దెబ్బలు పడేవి. ఆడపిల్ల తప్పితే చదువు అక్కడితో మానిపించి సంబంధాలు చూసేవారు. అదంతా మంచి కాలమని నేననను. కానీ నాలుగు రోజులు పోయాక ఏ బాబాయో మేనమామో అరుగు మీద కూర్చోబెట్టుకుని, "పోనీలేరా, సెప్టెంబరు ఉందిగా" అనేవాడు. తప్పినవాళ్లకు మళ్లీ పరీక్ష అప్పుడే. ఈలోగా కాలువలకు నీళ్లొచ్చేవి, నాట్లు పడేవి. కుర్రాడు పగలు నాన్నతో పొలం వెళ్లేవాడు, సాయంత్రం మాస్టారింట్లో లెక్కలూ ఇంగ్లీషూ ప్రైవేటు చెప్పించుకునేవాడు. కొందరు తెనాలి ట్యుటోరియల్‌కి ప్యాసింజరు ఎక్కేవారు. ఆ పెట్టెలో తప్పినవాళ్లంతా ఒక జట్టు. తప్పినవాడికీ ఊళ్లో ఒక చోటుండేది, చెయ్యడానికో పనుండేది.

చదువు మీద ఆశ ఈ నేలకు కొత్త కాదు. 1909లో తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' అనే పేరుతోనే నవల రాశారు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల, 1981లో ఇంజినీరింగ్ కళాశాల వచ్చాయి. ఆ గేట్లు చూపించి పిల్లలకు సీటు మీద ఆశ నూరిపోసిన తండ్రులెందరో.

ఇప్పుడు పదో తరగతి కాగానే పిల్లలు ఊరు విడిచి హాస్టళ్లకు పోతున్నారు. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్ రాత్రిదాకా సాగుతుంది. వారం వారం పరీక్ష. మార్కులు తగ్గితే సెక్షను మారుతుంది, ఆ సంగతి తండ్రి ఫోనుకు చేరుతుంది. సప్లిమెంటరీ ఇప్పుడు వేసవి దాటేలోపే పెడుతున్నారు. ఏడాది వృథా కాదు, మంచిదే. కానీ మనసు కుదుటపడే ఆ కొద్ది నెలలు పోయాయి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. తప్పినవాళ్లందరి జవాబు పత్రాలూ మళ్లీ చూడవలసి వచ్చింది. ఆ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒకప్పుడు అచ్చుతప్పేమోనని ఇంకో పేపరు కొన్న వయసే వాళ్లది.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలకు మార్గదర్శకాలిచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచులుగా విడదీయవద్దంది, నలుగురిలో అవమానించవద్దంది. ఆ రెండూ ఇంటికీ వర్తిస్తాయి. అన్నతో పోల్చడం, చుట్టాల ముందు మార్కులు అడగడం ఇవాళే మానవచ్చు. తప్పిన పిల్లకు మరో పరీక్ష తేదీ బోర్డు ఇస్తుంది. ఆ తేదీదాకా ఇంట్లో తలెత్తుకు తిరిగే ధైర్యం మనమే ఇవ్వాలి.